గుమ్మడి టేకుని జల్లెడ చేసిన పెంకు పురుగు: పార్వతీపురం వైపు రెండున్నర ఎకరాల కేసు

2023 జూలైలో ఒక రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు, వెనకాలే ఒక వాయిస్ మెసేజ్ వచ్చాయి. "ఏటి బాబూ ఇది, ఆకంతా జల్లెడ అయిపోనాది, మందు కొట్టినా పోవట్లేదు, ఓపాలి సూడు" అని. పంపింది పార్వతీపురం మన్యం జిల్లాలో కొండ వారన మెట్ట భూమి ఉన్న ఒక పెద్దాయన, అంతకు రెండేళ్ళ ముందు వర్షాలకి రెండున్నర ఎకరాల్లో గుమ్మడి టేకు అనే కలప చెట్టు వేసారు, మూడు మీటర్ల ఎడంతో, అంటే ఎకరానికి 444 లెక్కన దాదాపు 1100 మొక్కలు. నేను చెట్ల తోటలు వేసుకున్న రైతులకి సలహాలిచ్చే పని చేస్తా, సరుగుడు, నీలగిరి, మలబారు వేప లాంటివే ఎక్కువ వస్తాయి, గుమ్మడి టేకు కేసులు తక్కువ. ఈ కేసు మొత్తం రాయాలనుకోడానికి కారణం ఏంటంటే దీని గురించి తెలుగులో వెతికితే ఏమీ దొరకదు, దొరికేది తప్పుదారి పట్టిస్తుంది, ఎలాగో కింద చెప్తా.

ముందు నా తప్పు చెప్పాలి. ఆ ఫోటోల్లో ఆకు నిండా పెద్ద పెద్ద బొక్కలు, కొన్ని ఆకుల మీద నల్లటి దారాలు చుట్టుకుని ఉన్న ముద్దలు, రాత్రి ఫ్లాష్‌లో తీసినవి కాబట్టి క్లియర్‌గా లేవు. ఆ నల్ల దారాల్ని నేను వెంట్రుకలు అనుకున్నా, గొంగళి పురుగు అని నిర్ణయించేసా. ఊళ్ళో మందుల షాపులో అప్పటికే ఇమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగుమందు ఇచ్చారట, ఒకసారి కొట్టారు, పోలేదు. సరే రసాయనం ఆపేద్దాం, బీటీ అనే బ్యాక్టీరియా మందు కొట్టండి, గొంగళి పురుగుకి బాగా పనిచేస్తుంది అని ఫోన్లోనే చెప్పేసా. ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్, ఏ మార్పూ లేదు, పైగా పక్క వరుసలకి పాకింది. నేను వెళ్ళకుండా, చేత్తో పట్టుకుని చూడకుండా చెప్పిన ఆ ఒక్క మాట వల్ల ఆయన డబ్బు పోయింది, అంతకంటే ముఖ్యంగా ఎనిమిది రోజులు పోయాయి.

ఎందుకు పనిచేయలేదో చెప్తే ఉపయోగం. మన దగ్గర షాపుల్లో దొరికే బీటీ కుర్స్టాకి రకం, అది సీతాకోక చిలకలు, రెక్కల పురుగుల పిల్లల మీద, అంటే నిజమైన గొంగళి పురుగుల మీదే పనిచేస్తుంది. పెంకు పురుగుల కడుపులో ఆ విషం పనిచేయదు, వాటికి టెనెబ్రియోనిస్ అని వేరే రకం బీటీ ఉంది, అమెరికాలో బంగాళాదుంప పెంకు పురుగు మీద దాన్ని వాడారు. ఇమామెక్టిన్ కూడా ప్రధానంగా గొంగళి పురుగుల మందే. అంటే షాపువాళ్ళు, నేను, ఇద్దరం ఒకే తప్పు చేసాం, ఆకు తినేదంతా గొంగళే అనుకున్నాం.

తొమ్మిదో రోజు పొద్దున్నే వెళ్ళా. తోటకి ఒకవైపు రోడ్డు, ఇంకోవైపు చిన్న గెడ్డ, అంటే వాగు, గెడ్డ దాటితే కొండ. కొండ మీద అడవి గుమ్మడి చెట్లు అక్కడొకటి అక్కడొకటి కనిపిస్తున్నాయి, ఇది మన తూర్పు కనుమల సొంత చెట్టే కదా. గుమ్మడి, గుమ్మడి టేకు, కాశ్మరి, గంభారి, ఏ పేరైనా ఒకటే, ఆయుర్వేదంలో దశమూలాల్లో ఒకటి, శాస్త్రం పేరు మెలీనా ఆర్బోరియా. ఎండాకాలం ముందు ఆకు మొత్తం రాల్చేసి, మోడుగా ఉన్నప్పుడే పసుపు గోధుమ రంగు కలిసిన పూలు పూసి, తర్వాత కొత్త చిగురేస్తుంది. ఈ ఆకు రాల్చే అలవాటు గుర్తు పెట్టుకోండి, కేసు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి చెట్టు కొమ్మ పట్టుకోగానే టపటపా ఏవో రాలాయి. గడ్డిలో వెతికితే దొరికింది, అంగుళంలో సగం పైగా పొడవు, రెక్కల పెంకు ముదురు నీలం ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపు, దాని మీద గుంటలు గుంటలుగా గరుకు, మెడ భాగం పసుపు గోధుమ రంగు. ఇంత అందమైన పురుగు మన తోటల్లో అరుదు, నిజం. కదిలిస్తే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. ఆకు తిప్పి చూస్తే కింద వైపు గోధుమ రంగు నురగ గట్టిపడినట్టు చిన్న చిన్న ముద్దలు, అవి గుడ్లు, తల్లి పురుగు గుంపుగా పెట్టి పైన జిగురు నురగ పూస్తుంది, అది ఆరి డొప్ప అవుతుంది. ఇక ఆ నల్ల దారాలు, అవి వెంట్రుకలు కాదు, ఆ పురుగు పిల్ల మలం. తోక చివర రెండు ముళ్ళ లాంటివి ఉంటాయి, విసర్జించిన మలం దారంలా సాగి దానికే అతుక్కుంటుంది, విడిచిన చర్మాలు కూడా అక్కడే, ఆ మోపునంతా వీపు మీదకి గొడుగులా వంచుకుని తిరుగుతుంది. చీమ దగ్గరకొస్తే ఆ గొడుగుని అటు తిప్పుతుంది. పెద్దాయన గడ్డిపరకతో పొడిచి చూపించారు, ఆయనకి అది ముందే తెలుసు, నేనే అడగలేదు.

పురుగు పేరు క్రాస్పెడోంటా లేయానా. పాత పుస్తకాల్లో, పాత ఫారెస్ట్ రిపోర్టుల్లో కాలోపెప్లా లేయానా అని ఉంటుంది, వెతికేవాళ్ళు రెండు పేర్లతోనూ వెతకాలి లేకపోతే సగం సమాచారం కనపడదు. 1807లోనే లాత్రే అనే ఫ్రెంచి ఆయన దీనికి పేరు పెట్టాడు. ఆకు పెంకు పురుగుల కుటుంబం, క్రైసోమెలిడే అంటారు, ప్రపంచంలో 35000 పైగా జాతులున్న చాలా పెద్ద కుటుంబం. మనకి ఇందులో చుట్టాలు బాగా తెలిసినవే, వరిలో తాటాకు తెగులు అంటామే, హిస్పా, అది తెగులు కాదు పెంకు పురుగే, ఇప్పుడు ఇది, అది ఒకే ఉపకుటుంబంలో పెడుతున్నారు. ఇంకో చుట్టం గుమ్మడి పెంకు పురుగు, దోస సొర గుమ్మడి పాదుల మీద ఎర్రగా వాలేది. ఇక్కడే అసలు గందరగోళం. రైతు షాపుకెళ్ళి గుమ్మడికి పెంకు పురుగు పట్టింది అంటే వాళ్ళు పాదు గుమ్మడి అనుకుని మందిస్తారు, గూగుల్లో తెలుగులో కొట్టినా ఆ ఎర్ర పురుగే వస్తుంది. అది మొదళ్ళ దగ్గర మట్టిలో గుడ్లు పెట్టి పిల్లలు వేర్లు తినే పురుగు, కాబట్టి మట్టిలో గుళికలు వేయమంటారు. ఈ గుమ్మడి టేకు పురుగుకి మట్టితో సంబంధమే లేదు, గుడ్డు, పిల్ల, ప్యూపా (పిల్ల పెద్ద పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అన్నీ చెట్టు మీదే. మట్టిలో గుళికలు వేస్తే డబ్బు మట్టిలో పోసినట్టే.

ఆ రోజు పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా లెక్క పెట్టా. తోటకి అడ్డంగా మూల నుంచి మూలకి నడుస్తూ 20 చెట్లు, ఒక్కో చెట్టుకి నాలుగు దిక్కులా నాలుగు కొమ్మలు. గెడ్డ వైపు ఆరు వరుసల్లో ఆకు సగానికి పైగా పోయింది, కొన్ని చెట్లకి ఈనెలే మిగిలాయి, లేత కొమ్మల బెరడు కూడా గీకేసి ఉంది. రోడ్డు వైపు వచ్చేసరికి ఆకుకి రెండు మూడు బొక్కలు, అంతే. అంటే కొండ వైపు నుంచి లోపలికి వచ్చింది. ఇంకో విషయం, అన్ని దశలూ ఒకేసారి ఉన్నాయి, గుడ్లు, ఆకు పైపొర మాత్రమే గీకి తినే చిన్న పిల్లలు, ఆకు మొత్తం తినేసే పెద్ద పిల్లలు, ఆకుకే తోక అతికించుకుని కదలకుండా ఉన్న ప్యూపాలు, పెద్ద పురుగులు. గుడ్డుకి వారం, పిల్లకి రెండు మూడు వారాలు, ప్యూపాకి ఇంకో వారం, మొత్తం ఐదు వారాలు అటూ ఇటూ అనుకోవచ్చు. కాబట్టి ఏ ఒక్క రోజు ఏ మందు కొట్టినా డొప్పలో గుడ్లు, గట్టిపడిన ప్యూపాలు తప్పించుకుంటాయి.

వేరే కారణాలు కూడా చూసా, ఎందుకంటే కొన్ని చెట్ల తలలు ఎండుతున్నాయి. గుమ్మడి టేకుకి తల ఎండించేది ఇంకోటి ఉంది, వల లాంటి రెక్కలున్న చిన్న నల్లి, టింజిస్ బీసోని అంటారు, డెహ్రాడూన్‌లో బ్రిటిష్ కాలంలో అడవి పురుగుల మీద పనిచేసిన బీసన్ గారి పేరు దానికి. అది రసం పీలుస్తుంది, ఆకు మొదట్లో మచ్చలు పడి కొన ఎండుతూ వస్తుంది. ఇక్కడ ఆ మచ్చలు లేవు. బెరడు తొలిచే పురుగు అల్లే గూళ్ళు లేవు, బదనిక (చెట్టు మీద పెరిగి రసం పీల్చే మొక్క) రెండు చెట్లకే ఉంది, వేరు దగ్గర చెద లేదు. కాబట్టి తల ఎండడం మళ్ళీ మళ్ళీ ఆకు పోవడం వల్లే. అడిగితే చెప్పారు, ముందు ఏడాది ఆగస్టులో కూడా బొక్కలు పడ్డాయి, చెట్టు మళ్ళీ చిగిర్చింది కదా అని వదిలేసాం అని. ఒకసారి ఆకు పోతే గుమ్మడి టేకు తట్టుకుంటుంది, చాలా మొండి చెట్టు. రెండు సీజన్లు వరసగా, సీజన్‌లో రెండు మూడుసార్లు పోతే లోపల దాచుకున్న బలం అయిపోయి కొనలు ఎండుతాయి, లేత మొక్కయితే చచ్చిపోతుంది కూడా.

పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న "సివరాఖరికి నా టేకుకి కూడా వస్తాదా?" గట్టు మీద మామూలు టేకు వరుస ఒకటుంది. రాదు అని చెప్పా, ఈ పురుగు బతుకంతా ప్రధానంగా గుమ్మడి టేకు మీదే, ఆ టేకు వరుసలో నేను ఒక్కో చెట్టూ చూసా, దాని పని ఒక్కటీ కనపడలేదు. టేకుకి దాని సొంత పురుగులు వేరే ఉన్నాయి. రెండో ప్రశ్న, పవర్ స్ప్రేయర్ తెప్పించి తోటంతా గట్టి మందు కొట్టేద్దామా అని. దీనికి నేను వెంటనే జవాబు చెప్పలేదు, ఈసారి తొందరపడకూడదని. 40 ప్యూపాలు ఆకులతో సహా కోసి, మూడు పచ్చడి జాడీల్లో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఇంటికి తెచ్చుకున్నా.

పది రోజుల్లో జాడీల్లోని 24 ప్యూపాల నుంచి పెంకు పురుగులు బయటికొచ్చాయి. 13 నుంచి నల్లటి చిన్న కందిరీగలు వచ్చాయి, వెనక కాళ్ళ తొడలు లావుగా ఉబ్బి, కాళ్ళ మీద పసుపు మచ్చలు, బ్రాకిమేరియా జాతివి. మిగతా మూడు కుళ్ళిపోయాయి. అంటే మూడింట ఒక వంతు ప్యూపాల్ని ఎవరూ పిలవకుండానే, ఎవరూ కూలి ఇవ్వకుండానే ఆ కందిరీగలు చంపేస్తున్నాయి. గుడ్ల ముద్దల్లో కూడా ఇంకా చిన్న పరాన్నజీవి ఉంటుంది, టెట్రాస్టికస్ అని, కంటికి సరిగ్గా ఆనదు. ఇప్పుడు తోటంతా గట్టి మందు కొడితే ముందు చచ్చేది ఇవే, పురుగు కొండ మీద నుంచి మళ్ళీ దిగుతుంది, కందిరీగ అంత త్వరగా తిరిగి రాదు. జాడీ తీసుకెళ్ళి పెద్దాయనకి, వాళ్ళావిడకి చూపించా. ఆవిడ జాడీ ఎత్తి వెలుగులో పెట్టి చాలాసేపు చూసారు. ఆ తర్వాత ఆ ఇంట్లో పవర్ స్ప్రేయర్ మాట రాలేదు.

ఆగస్టులో చేసింది ఇది. గెడ్డ వైపు ఆరు వరుసల్లో మాత్రమే, అదీ చిన్న పిల్లలు గుంపుగా గీకుతున్న కొమ్మల మీద మాత్రమే, వేప మందు 1500 పీపీఎం లీటరుకి 5 మిల్లీ, కాస్త సబ్బు నీళ్ళు కలిపి, సాయంత్రం పూట, ఆకు కింది వైపు తడిసేలా చేతి స్ప్రేయర్‌తో, వారం తేడాతో రెండుసార్లు. పెద్ద పురుగుల మీద వేప మందు పెద్దగా పని చేయదు, వాటికి వేరే పద్ధతి. తెల్లారుజామున చలికి అవి మందకొడిగా ఉంటాయి, చెట్టు కింద పాత టార్పాలిన్ పరిచి కాండాన్ని రెండు మూడుసార్లు గట్టిగా ఊపితే రాలిపడతాయి, దులిపి సర్ఫ్ నీళ్ళ బకెట్లో వేయడమే. ఎండెక్కితే ఎగిరిపోతాయి కాబట్టి ఏడున్నర లోపు అయిపోవాలి. ఇద్దరు మనుషులు ఒక పొద్దుటకి రెండు వరుసలు చేయగలిగారు. గుడ్ల ముద్దలు అందినంత వరకు ఆకుతో సహా తెంపించా, కానీ కాల్చనివ్వలేదు, కాలిస్తే లోపలి పరాన్నజీవి కూడా పోతుంది. ఒక పాత డ్రమ్ములో వేసి పైన దోమతెర బిగించాం, పొదిగిన పురుగు పిల్లలు లోపలే ఆకు లేక చస్తాయి, సన్నటి కందిరీగలు తెర కన్నాల్లోంచి బయటికి పోతాయి. ఈ డ్రమ్ము ఖర్చు సున్నా, నాకు ఈ కేసులో బాగా నచ్చిన పని ఇదే.

బ్యూవేరియా శిలీంధ్రం పొడి కూడా ఒక వరుసలో కొట్టి చూసాం, వానలు పడుతున్న రోజులు, తేమ బాగుంది, అక్కడక్కడా తెల్లటి బూజు కట్టిన పురుగులు దొరికాయి కూడా. కానీ అదే వరుసలో చెట్లు ఊపడం కూడా జరిగింది కాబట్టి ఎంత పని దేని వల్ల అయ్యిందో విడదీసి చెప్పలేను, అందుకే దాన్ని గట్టిగా సిఫార్సు చేయట్లేదు.

సెప్టెంబర్‌కి కొత్త ఆకొచ్చింది, అక్టోబర్‌లో మళ్ళీ కొంచెం తిన్నాయి, నవంబర్‌కి వెతికినా పురుగు లేదు. పెద్దాయన ఫోన్ చేసి పీడా పోయింది బాబూ అన్నారు, నేనూ కేసు మూసేసినంత పని చేసా.

జనవరి 2024లో, సంక్రాంతి అయిన వారానికి, ఈసారి ఫోన్ వాళ్ళావిడ నుంచి. పశువుల సాల పక్కన పేర్చిన కట్టెలు, పాత తాటాకుల మోపు కదిపితే లోపల నీలం పురుగులు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, చచ్చాయనుకుని చేత్తో తీస్తే కాళ్ళు ఆడించాయి అని. ఆ ఫోన్ రాకపోతే ఈ కేసుకి అర్థమే లేదు. పురుగు ఎక్కడికీ పోలేదు, చెట్టు ఆకు రాల్చేసే కాలానికి తినడం, గుడ్లు పెట్టడం ఆపేసి ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరి నిద్రపోతుంది, ఎండుటాకుల కింద, లేచిన బెరడు వెనక, వెదురు బొంగుల్లో, చూరుల్లో. చిగురేసే వేళకి లేచి నేరుగా ఆ లేత ఆకు మీదకే వస్తుంది. చెట్టు నిద్రా పురుగు నిద్రా ఒకే గడియారం. ఏప్రిల్‌లో దిగిన ఒక్కో ఆడ పురుగు పెట్టే గుడ్ల ముద్దలే జూలైకి జల్లెడగా మారేది. జూలైలో వెయ్యి చెట్ల మీద వెతికే పురుగులు జనవరిలో నాలుగు మోపుల్లో ఉంటాయి. దీని గురించి ఫారెస్ట్ వాళ్ళ పాత రాతల్లో ఉంది, 1930ల్లోనే బర్మాలో ఈ పురుగు జీవిత చరిత్ర గురించి రాసారు, నేను చదివా కూడా, కానీ మన ఊరి తాటాకుల మోపుతో దాన్ని కలుపుకోలేదు.

మర్నాడే వెళ్ళా. కట్టెల మోపు, తాటాకులు, సాల చూరు, గెడ్డ గట్టున కొట్టేసిన పాత వెదురు పొద, తోటలో ఎండుటాకులు గుట్టలు పడ్డ చోట్లు. ఇంటివాళ్ళు ఐదుగురం రెండు రోజులు చేసాం. తాటాకుల మోపులు టార్పాలిన్ మీద దులిపితే ఒక్కోదానిలోంచి దోసెడు వచ్చాయి. కొంతమంది తోటలో ఎండుటాకు మొత్తం తగలబెడదామన్నారు, నేను ఒప్పుకోలేదు, పక్కన కొండ, జనవరి ఎండుగడ్డి, పైగా ఆ ఆకే కదా తోటకి ఎరువు. ఎండుటాకుని గట్టుల మీద నుంచి లోపలికి లాగి పల్చగా పరిపించాం, గుట్టగా ఉంటేనే దానికి ఇల్లు.

ఏప్రిల్ మొదటి వారంలో చిగురు కదిలింది. అప్పటి నుంచి మూడు వారాలు, మూడు రోజులకోసారి తెల్లారుజామున గెడ్డ వైపు వరుసలు ఊపడం. మొదటి మూడుసార్లు బకెట్టు అడుగు కనపడనంత వచ్చాయి, అవి తోటలో దాక్కున్నవి కాదు, కొండ మీద నుంచి దిగినవి అని నా అంచనా, ఎందుకంటే మళ్ళీ ఆ అంచు చెట్ల మీదే ఉన్నాయి. తర్వాత తగ్గిపోయాయి. మే అంతా వారానికోసారి ఆకు తిప్పి గుడ్ల ముద్దలు తెంపి డ్రమ్ములో వేయడం, ఈ పని వాళ్ళావిడ, ఇద్దరు మనవళ్ళు చేసారు, వేసవి సెలవులు కదా.

2024 జూలైలో మళ్ళీ అదే పద్ధతిలో 20 చెట్లు లెక్కపెట్టా. గెడ్డ వైపు వరుసల్లో ఆకు నష్టం నాలుగో వంతు లోపు, రోడ్డు వైపు చెప్పుకోదగ్గది లేదు. ఆ ఏడాది ఒక్క స్ప్రే కూడా కొట్టలేదు. ఒక మాట మాత్రం చెప్పాలి, ఏ పనీ చేయని పోలిక తోట నా దగ్గర లేదు, ఆ ఏడాది వానల తీరు వల్ల కొంత తగ్గి ఉండొచ్చు, కాబట్టి మొత్తం తగ్గుదల మా ఖాతాలో వేసుకోను. ప్యూపాలు మళ్ళీ 40 తెద్దామనుకున్నా, గంటసేపు తిరిగితే 17 దొరికాయి, వాటిలో తొమ్మిదింటి నుంచి కందిరీగలే వచ్చాయి.

నష్టం మాత్రం మిగిలింది. 60 పైన చెట్లకి తల ఎండిపోయింది, వాటిని పచ్చి కనిపించే చోటు దాకా కోసి, పక్క నుంచి వచ్చిన చిగుళ్ళలో నిటారుగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేసాం. బాగానే లేచాయి కానీ ఆ వంపు కాండంలో ఉండిపోతుంది, చెక్కకి రేటు తగ్గుతుంది, ఆయనకి అది దాచకుండా చెప్పా. 14 చెట్లు పూర్తిగా పోయాయి. ఆ ఖాళీల్లో మళ్ళీ గుమ్మడి టేకు వేయనివ్వలేదు, కానుగ, వేప వేయించా. ఒకే జాతి చెట్టు ఎకరాల కొద్దీ వేస్తే ఈ పురుగుకి అన్నం వడ్డించినట్టే, కొండ మీద అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న గుమ్మడి చెట్లు ఇన్నేళ్ళూ దానితో పాటే బతుకుతున్నాయి, ఏ చెట్టూ పూర్తిగా మోడవ్వలేదు, నేను గెడ్డ దాటి వెళ్ళి చూసా.

ఇక్కడ ఒక పక్క విషయం. ఇదే చెట్టుని ఆఫ్రికాలో నైజీరియా లాంటి చోట్ల, బ్రెజిల్‌లో భారీగా వేసారు. బ్రెజిల్లో జారి నది దగ్గర డేనియల్ లుడ్విగ్ అనే అమెరికా వ్యాపారి 1960ల చివర్లో అమెజాన్ అడవి కొట్టించి కాగితం గుజ్జు కోసం గుమ్మడి టేకు వేయించాడు, జపాన్‌లో కట్టిన గుజ్జు ఫ్యాక్టరీని 1978లో సముద్రం మీద లాక్కుని మరీ తీసుకెళ్ళారు. అక్కడ మట్టి సరిపడక ఆయనకి చాలా దెబ్బలు తగిలాయి కానీ ఈ నీలం పురుగు బాధ లేదు, ఎందుకంటే పురుగు ఇక్కడే ఉండిపోయింది. పరాయి దేశంలో చెట్టుకి ఈ శత్రువు లేదు, సొంతూళ్ళో ఉంది. కాబట్టి ఎవరైనా నర్సరీ వాళ్ళు విదేశీ తోటల ఫోటోలు చూపించి గుమ్మడి టేకుకి పురుగే పట్టదు, ఎనిమిదేళ్ళలో కోత అని చెప్తే, ఆ మాట ఏ దేశం గురించో అడగండి.

ఖర్చు సంగతి కూడా అడుగుతారు. రెండు సీజన్లలో కలిపి కూలి మనుషుల రోజులు 30 దాటాయి, ఇంటివాళ్ళ పని వేరే. చెట్లు చిన్నవి కాబట్టి ఊపితే ఊగాయి, అందాయి. ఆరేడు మీటర్లు దాటి కాండం లావెక్కిన తోటలో ఈ టార్పాలిన్ పద్ధతి పనిచేయదు, చేతి స్ప్రేయర్ అందదు. అలాంటి తోట ఎవరైనా చూపిస్తే నేను శీతాకాలం వెతుకులాట ఒక్కటే చెప్తా, అంత పెద్ద చెట్టు ఒకటి రెండుసార్లు ఆకు పోయినా తట్టుకుంటుంది. మొదటి నాలుగేళ్ళే గండం. ఇంకోటి, నేను చూసిన ఏ మందు సీసా మీదా గుమ్మడి టేకు అని రాసి లేదు, కాబట్టి షాపులో ఎవరు ఏ డోసు చెప్పినా అది వాళ్ళ అంచనాయే. ఇప్పుడు నాకు ఎవరు ఆకు ఫోటో పంపినా ముందు రెండే అడుగుతా, ఆకు తిప్పి కింది వైపు పగటి వెలుగులో తీసి పంపండి, కొమ్మ ఊపితే ఏం రాలిందో అగ్గిపెట్టెలో వేసి ఉంచండి అని.

2024 నవంబర్‌లో కొత్తగా ఒకటి మొదలెట్టాం. మూరెడు పొడవు వెదురు బొంగులు, ఒకవైపు కణుపు ఉండేలా కోసి, పది పది కలిపి కట్టలు కట్టి, గెడ్డ గట్టున చెట్ల మొదళ్ళకి 25 కట్టలు వేలాడదీసాం. దాక్కోడానికి చోటు వెతుక్కునే పురుగుకి మనమే ఇల్లు కట్టి పెట్టినట్టు. సంక్రాంతి తర్వాత విప్పితే 25లో 19 కట్టల్లో పురుగులున్నాయి, కొన్నిట్లో రెండు మూడే, గెడ్డకి మరీ దగ్గరున్న కట్టల్లో బొంగు నిండా. తాటాకుల మోపులో మాత్రం ఈసారి వాళ్ళావిడకి ఏడే దొరికాయట, లెక్కపెట్టి చెప్పారు.